శాంతి పీరియడ్‌కి ఇద్దరు టీచర్లు

ఆ హైస్కూల్లో లెక్కలు చెప్పే మేడమ్‌ని పిల్లలు చాటుగా స్కేలు మేడమ్ అనేవాళ్ళు. ఆవిడ ఎవర్నీ స్కేలుతో కొట్టింది లేదు. బోర్డు మీద ఏ గీత గీసినా, ఆఖరికి జవాబు కింద గీసే అడ్డగీత అయినా సరే, స్కేలు పెట్టే గీస్తుంది, అంతే. సోషల్ చెప్పే ఆయన అట్లాసు సారు. చంకలో అట్లాసు లేకుండా ఆయన క్లాసులోకి రావడం ఎవరూ చూడలేదు. ఎన్నికల పాఠం చెప్పే రోజు కూడా అది చంకలో ఉండాల్సిందే.

ఈ ఇద్దరికీ కొన్నేళ్ళుగా మాటల్లేవు.

అలాగని పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే రకం గొడవ కాదు. చూసేవాళ్ళకి అంతా మర్యాదగానే ఉండేది. స్టాఫ్ రూములో పొడుగాటి బల్లకి ఆ చివర ఆయన, ఈ చివర ఆవిడ. సుద్దముక్కల డబ్బా ఆయన దగ్గరుందనుకోండి, స్కేలు మేడమ్ మధ్యలో కూర్చున్న సైన్స్ మేడమ్‌తో, "ఆ డబ్బా కాస్త ఇటు జరపమంటారా?" అనేది. ఆ మాట ఆయన చెవిన పడేది. అయినా సైన్స్ మేడమ్ తన నోటితో మళ్ళీ అనేదాకా ఆయన చెయ్యి కదిలేది కాదు. "నేను సైన్స్ చెప్పడానికొచ్చానో, మీ ఇద్దరి మధ్య టెలిఫోన్ తీగలా ఉండటానికొచ్చానో నాకే తెలియకుండా పోతోంది" అని సైన్స్ మేడమ్ అప్పుడప్పుడూ విసుక్కునేది.

గొడవ మొదలైంది ఒక బోర్డు దగ్గర. ఆవిడ పెద్ద సిద్ధాంతం ఒకటి బోర్డు నిండా రాసి, మధ్యాహ్నం మళ్ళీ వచ్చి పూర్తి చేద్దామని మూల మీద 'చెరపవద్దు' అని రాసి వెళ్తే, ఆయన చెరిపేశాడు. ఆ వచ్చిన సోమవారం, ఆయన రంగు సుద్దలతో నదులన్నీ గీసిన పటాన్ని ఆవిడ చెరిపేసింది. ఆ తర్వాత ఎవరో ఒకరు ముందు మాట్లాడితే సరిపోయేది. ఎవరూ మాట్లాడలేదు. వారం గడిచింది, నెల గడిచింది. ఆపైన మాట్లాడకపోవడమే అలవాటైపోయింది. ఇప్పుడు మాట్లాడాలంటే ఏ మాటతో మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియని స్థితికి వచ్చారు.

అలాంటి రోజుల్లో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి ప్రభుత్వ హైస్కూల్లోనూ తొమ్మిదో తరగతికి వారానికి ఒక పీరియడ్ శాంతి విద్య చెప్పాలట. స్కూలు హెడ్మిస్ట్రెస్‌ని అందరూ పెద్ద మేడమ్ అనేవాళ్ళు. ఆవిడ స్టాఫ్ రూముకొచ్చి ఆ కాగితం చదివి, కళ్ళజోడు మీదుగా అందర్నీ చూసింది.

"మీ అభిప్రాయాలు చెప్పండి" అంది.

"నేను చెప్పే ప్రతి పద్యంలోనూ ఉన్నది శాంతే కదండీ. దానికి వేరే పీరియడ్ ఎందుకు?" అన్నాడు భాష మాస్టారు.

"మీ పద్యాలు విన్నాకే మొన్న కొట్టుకున్నారు మాస్టారూ" అన్నాడు ఆటల సారు. "నాకు ఇంకో పీరియడ్ ఇవ్వండి మేడమ్. గ్రౌండులో నాలుగు చుట్లు తిప్పితే ఎవడికీ కొట్టుకునే ఓపిక మిగలదు."

"అది శాంతి కాదండీ, ఆయాసం" అంది సైన్స్ మేడమ్. "నాకు తెలియక అడుగుతాను, వాళ్ళు రోజంతా ఇంట్లో చూసేది, ఫోన్లో చూసేది ఒకటైతే, మనం వారానికొక పీరియడ్‌తో దాన్ని మారుస్తామా?"

అట్లాసు సారు గొంతు సవరించుకున్నాడు. ఆయన దీని మీదే వేసవిలో ట్రైనింగుకి కూడా వెళ్ళొచ్చాడు. "పాఠం చెప్తే చాలదు. గొడవ వస్తే ఏం చెయ్యాలో చేసి చూపించాలి. దానికి పద్ధతులున్నాయి. నేర్పితే వస్తాయి, ఈత లాగే" అన్నాడు.

స్కేలు మేడమ్ కిటికీ వైపు చూస్తూ, "ఇప్పటికే సిలబస్ సగం కూడా కాలేదు. పిల్లల్ని కూర్చోబెట్టి శాంతిగా ఉండండర్రా అని చెప్తే ఉంటారా? ఈ పీరియడ్ లెక్కలకి ఇస్తే నాలుగు లెక్కలైనా వస్తాయి" అంది. చెప్పింది పెద్ద మేడమ్‌కే అయినా తగలాల్సిన చోట తగిలింది.

ఆటల సారు అన్న 'మొన్న' సంగతి అందరికీ తెలిసిందే. వానకి బి సెక్షన్ గదిలో పైకప్పు కారుతోంటే, ల్యాబుకెళ్ళిన ఎ సెక్షన్ గదిలో వాళ్ళని కూర్చోబెట్టారు. ఎ సెక్షన్ తిరిగొచ్చేసరికి గోడకి అంటించుకున్న వాళ్ళ పెద్ద చార్టు నిలువునా చిరిగిపోయి ఉంది. మాటా మాటా పెరిగింది, బెంచీలు తిరగబడ్డాయి. ఒకడి పెదవి చిట్లింది, ఒకమ్మాయి కళ్ళజోడు విరిగింది. అప్పట్నుంచి రెండు సెక్షన్లూ నీళ్ళ కుళాయిల దగ్గర కూడా వేరే వేరే వరసల్లో నిలబడుతున్నాయి.

ఎ సెక్షన్ క్లాస్ టీచరు స్కేలు మేడమ్. బి సెక్షన్ క్లాస్ టీచరు అట్లాసు సారు.

పెద్ద మేడమ్ కాగితం మడిచింది. "రెండు సెక్షన్లనీ పెద్ద హాల్లో కలిపి కూర్చోబెడదాం. క్లాస్ టీచర్లు ఇద్దరూ కలిసి చెప్పండి. శుక్రవారం ఆఖరి పీరియడ్" అంది.

సైన్స్ మేడమ్ నవ్వాపుకోవడానికి నీళ్ళ సీసా ఎత్తింది.

ఆ సాయంత్రం స్కేలు మేడమ్ ఇంట్లో ఈ మాట చెప్పగానే, బస్సు డ్యూటీ దిగొచ్చి టీ తాగుతున్న భర్తకి పొలమారింది. "మీ ఇద్దరూ కలిసి శాంతి చెప్తారా? టిక్కెట్టు ఎంతో చెప్పు, నేనూ వస్తాను" అన్నాడు దగ్గుతూనే.

"మీకు నవ్వులాటగా ఉంది" అని ఆవిడ మొహం ముడుచుకుంది.

బియ్యంలో రాళ్ళు ఏరుతున్న అత్తగారు చేట పక్కన పెట్టింది. "నాకో సంగతి చెప్పమ్మా. ఇన్నేళ్ళు ఒకే గదిలో కూర్చుని మాట్లాడకుండా ఎలా ఉన్నావే? మీ మావయ్య మీద కోపమొస్తే నేను ఒక పూట కూడా ఉండలేకపోయేదాన్ని. మనసారా తిట్టాలన్నా ముందు మాట్లాడాలిగా."

"తప్పు ఆయనది అత్తయ్యా."

"ఉండనీ. ఆయనకి తెలుసా?"

"తెలియకేం?"

"నువ్వు చెప్పావా?"

స్కేలు మేడమ్ టీ గ్లాసులు తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

మొదటి శుక్రవారం ఎలా జరగాలో అలాగే జరిగింది. హాల్లో కుడివైపు ఎ సెక్షన్, ఎడమవైపు బి సెక్షన్, మధ్యలో ఎడ్లబండి పట్టేంత దారి. పీరియడ్‌ని ఇద్దరు టీచర్లూ రొట్టె విరిచినట్టు రెండుగా పంచుకున్నారు. ముందు సగం అట్లాసు సారు యుద్ధాల గురించి చెప్పాడు, ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. తర్వాత సగం ఆవిడ పైనుంచి వచ్చిన పుస్తకంలో పాఠం చదివింది, ఆయన తలుపు పక్కన నిలబడ్డాడు. పిల్లలు పాఠం వినలేదు గానీ, వీళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నారు. వెనక బెంచీలో ఎవరో ఆవలించారు. అది అంటువ్యాధిలా ముందు బెంచీ దాకా పాకింది.

రెండో శుక్రవారం అట్లాసు సారు ట్రైనింగులో నేర్చుకున్న పద్ధతి బోర్డు మీద రాశాడు. గొడవపడ్డ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు తమకేం జరిగిందో చెప్తారు. రెండోవాళ్ళు అడ్డు రాకూడదు. చెప్పడం అయ్యాక, విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. 'అవును, నేనన్నది అదే' అని మొదటివాళ్ళు ఒప్పుకునేదాకా చెప్తూనే ఉండాలి. అప్పుడు వంతు మారుతుంది.

"ఇప్పుడు ఎ సెక్షన్ లీడరూ, బి సెక్షన్ లీడరూ వచ్చి చెయ్యండి" అన్నాడు.

బి సెక్షన్ లీడరు కదల్లేదు. ఎ సెక్షన్ లీడరమ్మాయి లేచింది గానీ కుర్చీ దాకా రాకుండా ఆగిపోయింది. విరిగింది ఆ అమ్మాయి కళ్ళజోడే. కాడకి దారం చుట్టి పెట్టుకుంది.

"సార్, మాకు ఇది ఎలా చెయ్యాలో తెలియదు. మీరూ మేడమూ ఒకసారి చేసి చూపిస్తారా?"

"దేని గురించమ్మా?" అన్నాడాయన.

"మీ ఇద్దరికీ మాటల్లేవు కదా సార్. దాని గురించి."

ఆ పిల్ల గొంతులో వెటకారం వీసమెత్తు లేదు. స్కేలు మేడమ్ వైపు తిరిగి, "మీరు కూడా కొత్త లెక్క మాతో చేయించే ముందు ఒకటి చేసి చూపిస్తారు కదా మేడమ్" అంది.

ఆవిడకి చెవులు వేడెక్కాయి. నోరు మూసుకుని కూర్చో అనొచ్చు. అంటే ఆ పిల్ల కూర్చుంటుంది కూడా. కానీ అడిగినదాంట్లో తప్పేముంది? అది అడగాల్సిన ప్రశ్నే. అట్లాసు సారు సుద్దముక్కని వేళ్ళ మధ్య తిప్పుతూ, "మేడమ్‌కి అభ్యంతరం లేకపోతే..." అన్నాడు, ఎదురుగోడతో చెప్తున్నట్టు.

"నాకేం అభ్యంతరం లేదు" అంది ఆవిడ, లీడరమ్మాయితో.

పిల్లలు రెండు కుర్చీలు మధ్యదారిలో ఎదురెదురుగా వేశారు. ఆ పని రెండు సెక్షన్లవాళ్ళూ కలిసి చేశారని అప్పుడు ఎవరూ గమనించలేదు.

ముందు స్కేలు మేడమ్ చెప్పింది. బోర్డు మీద సిద్ధాంతం, మూల మీద రాసిన మాట, మధ్యాహ్నం వచ్చి చూస్తే కడిగినట్టున్న బోర్డు. "పొరపాటేమో అనుకుని ఊరుకునేదాన్నే. కానీ స్టాఫ్ రూములో సారు నవ్వుతూ, లెక్కలేగా, మళ్ళీ చేసినా అదే జవాబొస్తుంది అన్నారు. అందరూ నవ్వారు. నేను చేసే పని ఇంతేనా అనిపించింది. ఆ సోమవారం సారు గీసిన పటం నేనే చెరిపాను. కావాలనే చెరిపాను."

అట్లాసు సారు తల ఊపాడు. "మేడమ్ లెక్క రాశారు. నేను చెరిపాను. మేడమ్‌కి కోపం వచ్చింది."

"నవ్వింది చెప్పలేదు సార్" అన్నారు ఎ సెక్షన్ వైపు నుంచి.

"చెరిపాక, నేను స్టాఫ్ రూములో ఒక జోకు వేశాను."

"మేడమ్ జోకు అనలేదు సార్" అన్నాడు బి సెక్షన్ లీడరు, తన సారుని తనే తప్పుపట్టాల్సి వచ్చినందుకు ఇబ్బందిగా.

ఆయన ఒళ్ళో ఉన్న అట్లాసు మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, "మేడమ్ చేసే పనికి విలువ లేనట్టు నలుగురిలో మాట్లాడాను. బోర్డు చెరిపినందుకు కాదు, దానికి మేడమ్ మనసు కష్టపడింది" అన్నాడు.

"అవునా మేడమ్?" అని అడిగింది లీడరమ్మాయి.

"అవును. నేనన్నది అదే" అంది ఆవిడ.

వంతు మారింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.

"లెక్కల పీరియడ్ తర్వాత నా పీరియడ్. గంట కొట్టగానే వచ్చి గుమ్మంలో నిలబడతాను. లోపల మేడమ్ ఇంకొక్క లెక్క అంటారు. అదయ్యాక ఇంకొకటి. నాకు మిగిలేది సగం పీరియడ్. ఏ రోజూ నన్ను పర్వాలేదా అని అడగలేదు. సోషలే కదా, ఇంట్లో చదువుకుంటారులే అనుకుంటారేమో. ఆ రోజు 'చెరపవద్దు' అని ఉండటం నేను చూశాను. చూసే చెరిపాను. నా టైము తీసుకున్నది చాలక బోర్డు కూడానా అని ఒళ్ళు మండింది. తర్వాత ఆ పటం గీయడానికి ఆదివారం వచ్చి గది తెరిపించుకున్నాను. మా ఆవిడ బాక్సు కట్టిచ్చింది. మర్నాడు క్లాసుకొచ్చేసరికి అక్కడ చతురస్రాలున్నాయి."

నవ్వబోయిన వాళ్ళు ఆయన మొహం చూసి ఆగిపోయారు.

స్కేలు మేడమ్ సర్దుకుని కూర్చుంది. "సిలబస్ ఎక్కువగా ఉండటం వల్ల సారు పీరియడ్ కొంచెం..."

"సిలబస్ సంగతి సారు అనలేదు మేడమ్" అంది లీడరమ్మాయి.

"సరే. గంట కొట్టాక నేను కొంచెం సేపు..."

"కొంచెం అని కూడా అనలేదు మేడమ్. సగం అన్నారు."

ఈసారి హాలంతా నవ్వింది. ఆవిడకీ నవ్వొచ్చింది. ఒక్కసారి కళ్ళు మూసుకుంటే, గుమ్మంలో అట్లాసు చంకలో పెట్టుకుని నిలబడ్డ మనిషి కనిపించాడు. రోజూ కనిపించేవాడే. ఓపిక గల మనిషి అనుకుంటూ ఇంకో లెక్క మొదలుపెట్టేది. గుమ్మంలో నిలబడ్డ వాడికి ఓపిక తప్ప వేరే దారేముంటుందని ఏనాడూ ఆలోచించలేదు.

"నేను సారు పీరియడ్‌లో సగం అడక్కుండా తీసుకున్నాను. ఒకరోజు కాదు, ఏళ్ళ తరబడి. ఆయన సబ్జెక్టుకి విలువ లేనట్టు ప్రవర్తించాను. సెలవు మానుకుని గీసుకున్న పటాన్ని కూడా చెరిపేశాను" అంది.

"అవును. నేనన్నది అదే" అన్నాడాయన. అంటూ నేరుగా ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఇప్పుడు సారీ చెప్పుకోవాలా సార్?" అన్నాడు బి సెక్షన్ లీడరు.

"ఈ పద్ధతిలో అది లేదు. ఎవరికనిపిస్తే వాళ్ళు చెప్పుకోవచ్చు."

అంతలో బడి వదిలే గంట కొట్టారు. ఎవరూ సారీ చెప్పుకోలేదు. పిల్లలు మాత్రం సినిమా మధ్యలో కరెంటు పోయినట్టు అయిష్టంగా లేచారు.

సోమవారం స్టాఫ్ రూములో అట్లాసు సారు డబ్బాలో వెతికి వెతికి, "పసుపు సుద్దలు అయిపోయినట్టున్నాయి మేడమ్" అన్నాడు. అలవాటు కొద్దీ సైన్స్ మేడమ్, "పసుపు సుద్దలు అయిపోయాయట..." అని మొదలుపెట్టి, మధ్యలోనే నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"బీరువాలో కొత్త పెట్టె ఉంది సార్, తెస్తాను" అంది స్కేలు మేడమ్. ఇన్నేళ్ళ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది పసుపు సుద్దల గురించి. దానికే భాష మాస్టారు లేచి నిలబడి, ఎందుకు నిలబడ్డాడో తెలియనట్టు మళ్ళీ కూర్చున్నాడు.

తర్వాతి శుక్రవారం పిల్లలు కుర్చీల్లో కూర్చున్నారు. చార్టు ఎవరూ కోపంతో చింపలేదని తేలింది. వాన జల్లు పడుతోందని బెంచీ జరుపుతుంటే దాని మూల తగిలి చిరిగింది. చెప్తే నమ్మరని చెప్పలేదట.

"ఎందుకు నమ్మం?" అంది లీడరమ్మాయి.

"మమ్మల్ని మిగతా సెక్షన్ అంటారు కదా మీరు" అన్నాడు బి సెక్షన్ లీడరు. "ర్యాంకుల వాళ్ళందరూ ఎ సెక్షన్, మేం మిగతా."

ఆ అమ్మాయి ఆ మాటని ఒక్క అక్షరం మార్చకుండా తిరిగి చెప్పింది. చెప్పాక తలొంచుకుని, "ఆ పేరు మేం పెట్టలేదు. టీచర్లు అంటుంటే విని అన్నాం" అంది.

స్కేలు మేడమ్ కిటికీ పక్క కుర్చీలో బిగుసుకుపోయింది. 'మిగతా సెక్షన్ వాళ్ళకి ఈ లెక్కలు వద్దులే' అని స్టాఫ్ రూములో, వరండాలో, ఒక్కోసారి క్లాసులోనే అన్నది తనే. పిల్లల్ని బాధపెట్టాలని కాదు, నోటికి తేలిగ్గా ఉంటుందని. ఆవిడ లేచి, ఎవరూ అడక్కుండానే, "ఆ మాట నాది. ఇక అనను" అంది. సిలబస్ ప్రసక్తి తేలేదు.

ఆ ఒక్క పీరియడ్‌తో అందరూ ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకున్నారని చెప్పను. పెదవి చిట్లినవాడూ చిట్లేలా కొట్టినవాడూ ఆ ఏడాదంతా దూరదూరంగానే తిరిగారు. కానీ బెంచీలు మళ్ళీ తిరగబడలేదు. కుళాయిల దగ్గర వరస ఒకటే అయింది. చార్టు రెండు సెక్షన్లూ కలిసి కొత్తది వేశాయి. అందులో లెక్కల భాగం ఎ సెక్షన్ రాస్తే, బొమ్మలు బి సెక్షన్ వేసింది. బొమ్మలే బాగా కుదిరాయని స్కేలు మేడమ్ ఒప్పుకుంది. పిల్లలు రాసిచ్చిన అర్జీ పట్టుకుని ఇద్దరు టీచర్లూ కలిసి వెళ్ళి అడిగితే, వచ్చే ఏడాది సెక్షన్లని మార్కుల ప్రకారం కాకుండా కలిపి విడదీస్తానని పెద్ద మేడమ్ మాటిచ్చింది. పైకప్పు మాత్రం ఇంకా కారుతూనే ఉంది.

గంట కొట్టగానే లెక్క ఆపడం స్కేలు మేడమ్‌కి అంత తేలిగ్గా అలవాటు కాలేదు. ఒకరోజు సగం లెక్కలో గంట మోగితే, గుమ్మం వైపు తిరిగి, "సార్, రెండు నిమిషాలు పర్వాలేదా?" అని అడిగింది. "ఈ రోజు పర్వాలేదు. రేపు నాకు కావాలి" అన్నాడాయన. ఆ జవాబు ఆవిడకి నచ్చింది. ఇంట్లో చెప్తే అత్తగారు, "అదీ మాటంటే. ఇంత చిన్నదానికి అన్నేళ్ళు పట్టిందా మీ చదువుకున్నవాళ్ళకి?" అంది. భర్త గ్లాసు ముందే కింద పెట్టి నవ్వాడు.

సంవత్సరం చివర్లో ట్రైనింగ్ కాలేజీ నుంచి ఒకావిడ వచ్చింది. శాంతి విద్య మీద టీచర్ల అభిప్రాయాలు సేకరిస్తోందట. స్టాఫ్ రూములో అందరూ చుట్టూ కూర్చున్నారు. ఆటల సారు గ్రౌండే మేలన్నాడు. సైన్స్ మేడమ్, ఇంట్లోవాళ్ళని కూడా పిలిచి ఓ కుర్చీ వెయ్యాలంది. అప్పుడు ఆ కాలేజీ ఆవిడ, ఈ పీరియడ్‌కి పరీక్షా మార్కులూ పెడితే ఎలా ఉంటుందని అడిగింది.

"పెట్టాలి" అన్నాడు అట్లాసు సారు. "మార్కుల్లేని సబ్జెక్టుని ఈ దేశంలో ఎవరూ సబ్జెక్టు అనుకోరు. వచ్చే ఏడాదికి ఈ పీరియడే మాయమవుతుంది."

"పెట్టకూడదు" అంది స్కేలు మేడమ్. "మార్కులు పెడితే, అవును నేనన్నది అదే అని ఇద్దరూ ముందే కూడబలుక్కుని వస్తారు. లెక్కలు కాపీ కొట్టినట్టే శాంతినీ కాపీ కొడతారు."

"అదేంటి మేడమ్, లెక్కలకి మార్కులు తీసేస్తామంటే మీరు ఊరుకుంటారా?"

"లెక్కలు వేరు సార్."

"అదిగో, మళ్ళీ లెక్కలు వేరు."

"నేనన్నది అలా కాదు. ముందు నేను చెప్పేది వినండి."

"వింటున్నాను. చెప్పండి."

కాలేజీ ఆవిడ ఒకరి తర్వాత ఒకరి మాట రాసుకోలేక, పెన్ను పక్కన పెట్టి సైన్స్ మేడమ్ వైపు వంగింది. "వీళ్ళిద్దరికీ పడదాండీ?" అని గుసగుసగా అడిగింది.

"ఇప్పుడు బాగానే పడుతోందండీ" అంది సైన్స్ మేడమ్. తన కుర్చీని వాళ్ళ మధ్య నుంచి వెనక్కి జరుపుకుని, హాయిగా టిఫిన్ బాక్సు మూత తీసింది.